ఊరూ పేరూ లేని స్ఫటికం

దివిసీమలో నాగలి కర్రుకు రాయి తగలదు. అవనిగడ్డ నుంచి నాగాయలంక దాకా, అక్కణ్ణుంచి హంసలదీవి సంగమం దాకా ఎక్కడ తవ్వినా ఒండ్రుమట్టి, దాని కింద ఇసుక. ఇంటి రోలు, తిరగలి, గుడి గడప, కాలవ లాకుకు కట్టిన రాయి, అన్నీ ఎగువ కొండల నుంచి పడవ మీదో బండి మీదో వచ్చినవే. బందరులోనూ గుడివాడలోనూ అంతే. ఇలాంటి నేల మీద కూర్చుని ఖనిజ స్ఫటికాల సేకరణ గురించి రాయడం వింతగా తోచవచ్చు. కానీ ప్రపంచం ఎరిగిన గొప్ప స్ఫటికాల్లో కొన్ని ఈ కృష్ణ ఒడ్డునే దొరికాయి. వాటి వర్తకం కోసం దూరదేశాల వాళ్లు బందరు రేవులో దిగారు. రాళ్లు వెళ్లిపోయాయి. అవి ఏ గనిలో, ఏ గుంటలో, ఏ రోజున దొరికాయో చెప్పే రాత కూడా వాటి వెంట పోలేదు, ఇక్కడా మిగల్లేదు.

ఈ వ్యాసంలో చూడాలనుకున్న ప్రశ్న ఇది: మంచి స్ఫటికాలను సేకరించడం అంటే ఏమిటి, ఈ సీమకు దానితో ఉన్న సంబంధం ఎంత, ఇవాళ ఒక బడిపిల్లవాడో, రిటైరైన ఉపాధ్యాయుడో మొదలుపెట్టాలంటే దారేది? నా అభిప్రాయం ముందే చెబుతాను. స్ఫటికానికి అందం సగం విలువే ఇస్తుంది. మిగతా సగం దాని పక్కన పెట్టిన చీటీలో ఉంటుంది. ఊరూ పేరూ లేని స్ఫటికం, ఎంత మెరిసినా, అనాథ.

స్ఫటికం, రత్నం: రెండూ ఒకటి కావు

స్ఫటికం అనే మాట మన వంటింట్లోనే ఉంది. నీళ్లు తేర్చే పటిక, ప్రసాదంగా పెట్టే పటికబెల్లం, రెండింట్లోనూ వినపడేది ఆ మాటే. లోపలి అణువులు ఒక వరసలో, ఒకే కొలతతో పేర్చుకుంటూ పోతే ఆ క్రమం పైకి నున్నటి ముఖాలుగా, పదునైన అంచులుగా కనిపిస్తుంది. ఎవరూ చెక్కకుండా తనంతట తాను ఏర్పడిన ఆ రూపమే సేకర్తకు కావలసింది.

నగల వర్తకుడి చూపు వేరు. అతనికి రాయి ముడిసరుకు. సాన పట్టి, పాత ముఖాలు చెరిపి, వెలుగు బాగా విరిగేలా కొత్త ముఖాలు తీస్తాడు. సేకర్త మాత్రం సాన పట్టని రాయినే ఎంచుకుంటాడు. అంచులు విరగలేదా, ముఖాల మీద మెరుపు ఉందా, తాను పెరిగిన మాతృశిలను అంటిపెట్టుకుని ఉందా, ఎక్కడ దొరికిందో రాసి ఉందా అని చూస్తాడు.

ఈ చూపు నుంచే ఒక శాస్త్రం పుట్టింది. 1669లో ఫ్లారెన్స్‌లో నికొలస్ స్టెనో పలుగురాయి స్ఫటికాలను పరిశీలించి, పెద్దదైనా చిన్నదైనా ఒకే ఖనిజంలో సరిపోలే ముఖాల మధ్య కోణం మారదని గుర్తించాడు. తర్వాత నూరేళ్లు దాటాక ఫ్రాన్సులో రెనె జస్ట్ హవీ, పగిలిన కాల్సైట్ ముక్కలన్నీ ఒకే ఆకారంలో చీలడం గమనించి, స్ఫటికం సూక్ష్మమైన ఇటుకల పేర్పు అని ఊహించాడు. వాళ్లకు అలాంటి పరిశీలన సాధ్యమైంది, ఎవరో ముందుగా ఆ రాళ్లను చెక్కకుండా దాచి ఉంచినందువల్లే.

మన దగ్గర రత్నపరీక్ష చాలా పాతది. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రాలను అవి పుట్టిన చోట్ల పేర్లతో వర్ణించాడు. వేణా తీరం, కోసల, సౌరాష్ట్ర, శూర్పారక, హిమవంతం, మతంగ, కళింగ, పుండ్ర అని ఎనిమిది చోట్లు చెప్పి, ఒక్కో చోటి వజ్రానికి ఒక్కో రంగు చెప్పాడు. ఆ రంగుల పట్టిక ఇవాళ్టి పరీక్షకు నిలవకపోవచ్చు. రాయిని దాని పుట్టిన నేలతో కలిపి గుర్తించాలన్న బుద్ధి మాత్రం సేకరణకు పునాది. ఆ పునాది మన దగ్గర ఉండి కూడా దాని మీద గోడ లేవలేదు.

బందరు దాటిన వజ్రాలు

1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో వర్తకం మొదలుపెట్టింది. అంతకు కొన్నేళ్ల ముందే డచ్చివాళ్లు వచ్చారు. బందరులోని డచ్చి సమాధులు దానికి గుర్తు. కలంకారీ అద్దకాలతో పాటు వజ్రాలూ వాళ్లను రప్పించాయి. బందరులో కంపెనీ వ్యవహారాలు చూసిన విలియం మెథ్‌వోల్డ్ స్వయంగా గనుల దాకా వెళ్లి, అక్కడ ముప్ఫై వేల మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. ఆ రాత 1626లో అచ్చయింది. తర్వాత వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరులో అరవై వేల మందిని లెక్కగట్టాడు.

టావెర్నియే పుస్తకం 1676లో వెలువడింది. అందులో ఒక చిన్న విషయం నన్ను ఎప్పుడూ ఆపుతుంది. ఆ చోటును పర్షియన్‌లో కొలూర్ అంటారని, ఆ దేశపు వాళ్ల భాషలో 'గని' అంటారని రాశాడు. ఊరు పేరు అడిగితే పనివాళ్లు తమ పని చోటు పేరు చెప్పి ఉంటారు. ఒక మామూలు తెలుగు మాట ప్రపంచ వజ్రాల చరిత్రలో ఊరి పేరుగా నమోదైంది.

ఊరి పేరు పోయిన కథ అక్కడితో ఆగలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరులో, పరిటాల చుట్టుపక్కల దొరికిన వజ్రాలు అమ్ముడుపోయింది గోల్కొండ పేరు మీద. గోల్కొండలో వజ్రాల గని లేదు. అది రాజధాని, బజారు. ఇవాళ వేలం పాటల్లో 'గోల్కొండ వజ్రం' అంటే నత్రజని దాదాపు లేని, నీళ్లంత తేటగా ఉండే రాయి అని అర్థం. బజారు పేరు నిలిచి, పుట్టిల్లు చెరిగిపోయింది. కోహినూరు కొల్లూరుదేనని మనం గట్టిగా నమ్ముతాం. కానీ దాన్ని తేల్చిచెప్పే చీటీ ఎక్కడా లేదు.

రాయి ఆకారానికి జరిగిందేమిటో మూడు లెక్కలు చెబుతాయి. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో కొన్న ముడి వజ్రం 410 కేరట్లు. ఇప్పుడు పారిస్ లూవ్రు సేకరణలో రీజెంట్ పేరుతో ఉన్నది 140 కేరట్లు. కోహినూరు లండన్‌లో 1852లో మళ్లీ సాన పట్టాక 186 నుంచి 105.6 కేరట్లకు తగ్గింది. టావెర్నియే పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రం సుమారు 115 కేరట్లు. అది ముందు 69 అయింది, తర్వాత 45.52 అయింది. నగగా మెరుపు పెరిగి ఉండవచ్చు. స్ఫటికంగా చూస్తే ప్రతి సానా ఒక కాగితం చింపినట్టే. భూమి లోపల నూట యాభై కిలోమీటర్లకు మించిన లోతున ఆ రాయి ఎలా పెరిగిందో చెప్పే గుర్తులు ఆ ముఖాల మీదే ఉంటాయి.

అదే నీలి వజ్రం చీటీ విలువనూ చూపింది. 1792లో ఫ్రెంచి విప్లవ సమయంలో అది దొంగల పాలైంది. ఇప్పుడు హోప్ వజ్రం అని పిలిచే 45.52 కేరట్ల రాయి దాని నుంచే వచ్చిందా అన్న చర్చ తరాల పాటు సాగింది. 2007లో పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియం అలమరలో పాత నీలి వజ్రానికి తీసిన సీసపు అచ్చు ఒకటి బయటపడింది. దానికి సంబంధించిన పాత నమోదులో లండన్‌కు చెందిన హోప్ పేరు ఉంది. ఒక అచ్చు, ఒక చిన్న రాత కలిసి ఆ చర్చను దాదాపు ముగించాయి. ఆ వజ్రం మాత్రం ఏ గనిదో టావెర్నియే చెప్పలేదు. కొల్లూరుదై ఉంటుందన్నది ఇప్పటికీ పండితుల ఊహే. ఇక్కడ మొదటి చీటీ రాయకపోవడం వల్ల వచ్చిన లోటును అక్కడి మ్యూజియాలేవీ పూడ్చలేకపోయాయి.

భట్టిప్రోలు స్ఫటికం

మనవాళ్లకు చీటీ రాయడం తెలియదని అనుకుంటే పొరపాటు. దివిసీమకు ఎదుటి ఒడ్డున, రేపల్లె దారిలో భట్టిప్రోలు ఉంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు రాతి బరిణెలు, వాటి లోపల స్ఫటికపు పేటిక, ముత్యాలు, బంగారు పూలు బయటపడ్డాయి. బరిణెల మీది బ్రాహ్మీ రాతలు తెలుగు లిపి చరిత్ర చదివినవాళ్లందరికీ తెలుసు. అంతగా మాట్లాడుకోనిది మరొకటుంది. ఆరు పలకల స్ఫటికం ఒకటి అక్కడ దొరికింది, దాని పలకల మీద కూడా అక్షరాలున్నాయి. లిపి పండితుడు బూలర్ దాన్ని చదివి, నందపురం స్త్రీలు ఇచ్చిన దానం ప్రస్తావన ఉందని చెప్పాడు.

ఆరు పలకలు పలుగురాయికి పుట్టుకతో వచ్చే ఆకారం. రెండువేల ఏళ్లకు పూర్వమే ఈ డెల్టా మనుషులు ఒక తేట స్ఫటికాన్ని తీసుకుని, దాని మీద ఇచ్చినవాళ్ల ఊరు పేరు చెక్కి, భద్రంగా దాచారు. వాళ్ల ఉద్దేశం భక్తి, మ్యూజియం కాదు. అయినా ఒక సేకర్త తన నమూనాకు ఇంతకంటే మంచిగా చేయగలిగింది ఏముంది?

గుడివాడ బడి నుంచి వజ్రం లోపలికి

ఈ సీమకు స్ఫటికాలతో ఉన్న సంబంధాన్ని వర్తకుల దగ్గర వదిలేస్తే కథ సగమే అవుతుంది. సూరి భగవంతం 1909లో ఆగిరిపల్లిలో పుట్టి, గుడివాడలో బడి చదువు చదివి, హైదరాబాదు నిజాం కాలేజీ మీదుగా కలకత్తాలో సి.వి. రామన్ దగ్గరికి చేరారు. రామన్ ఫలితం వెలువడిన కొద్ది కాలానికే, 1930లో, వజ్రంలో ఆ ఫలితాన్ని అధ్యయనం చేసినవారిలో ఆయన ఒకరు. వజ్రం మీద వెలుగు పడితే చెదిరి వచ్చే కాంతిలో 1332 అనే తరంగ సంఖ్య దగ్గర ఒక పదునైన గీత కనిపిస్తుంది. ఇవాళ రాయి వజ్రమా కాదా అని తేల్చే పరికరాల్లో ఎన్నో వెతికేది ఆ గీతనే.

భగవంతం తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశారు, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యారు. స్ఫటికాల సౌష్ఠవానికీ భౌతిక ధర్మాలకూ ఉన్న సంబంధం మీద 1966లో ఆయన రాసిన ఇంగ్లీషు గ్రంథం ఆ రంగంలో పేరున్నది. గురువు రామన్ వజ్రాలను, రంగులు తిరిగే ఫెల్‌స్పార్లను, ఎన్నో ఖనిజాలను ఆప్యాయంగా పోగుచేశారు. ఆ సేకరణ బెంగుళూరులో ఆయన పేరున్న పరిశోధన సంస్థలో ఉంది. సేకరణ వేరు, శాస్త్రం వేరు అనేవాళ్లకు ఆ అలమరలే సమాధానం. చేతిలో రాయి లేకుండా ఆ ప్రశ్నలు పుట్టేవి కావు.

కొల్లూరు వజ్రాల అందాన్ని ప్రపంచమంతా పొగిడింది. వజ్రం లోపలి క్రమాన్ని చదివిన తొలి తరంలో గుడివాడ బడి పిల్లవాడు ఉన్నాడన్న సంగతి మన బడుల్లో ఎంత మందికి తెలుసు?

తెలుగు నేల అలమర

డెల్టా దాటి ఎగువకు నడిస్తే తెలుగు నేల ఖనిజాలకు పేద కాదు. బెజవాడ కొండల్లో గోమేధిక జాతి ఎర్రటి గార్నెట్ చుక్కలు కంటికి ఆనుతాయి. కొండపల్లి చుట్టూ నల్లని క్రోమైట్ ఉంది. జగ్గయ్యపేట వైపు వజ్రాలకు బంధువులైన లాంప్రాయిట్ శిలలున్నాయి. పల్నాడు అగ్నిగుండాలలో సీసపు ఖనిజం గలీనా ఉంది. బూడిద రంగు లోహపు మెరుపుతో, పగిలితే ఘనాలుగా చీలుతుంది. నెల్లూరు దగ్గరి గూడూరు ప్రాంతపు అభ్రకం పుస్తకపు పుటల్లా పొరలు విడుతుంది. మంగంపేట ముగ్గురాయి నిల్వలు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. మామూలు రాయి అనుకుని చేతిలోకి తీసుకుంటే బరువుకు మణికట్టు వంగుతుంది. కొత్తగూడెం దగ్గరి గరీబుపేట గార్నెట్లు ప్రాచీన కాలంలో పూసలుగా మారి చాలా దూరం వెళ్లాయని పరిశోధకులు రసాయన పోలికలతో చూపారు. అనంతపురం వజ్రకరూరులో వజ్రాలను మోసే కింబర్లైట్ శిలల సంగతి చెప్పనక్కర లేదు.

అంతర్జాతీయ సేకర్తలు భారతదేశం పేరు చెప్పగానే తలచేది మాత్రం మహారాష్ట్రను. పుణె, జలగావ్ ప్రాంతాల నల్లరాతి క్వారీల్లో దొరికే ఎపోఫిలైట్, స్టిల్బైట్, నీలి కావన్‌సైట్ అమెరికాలో ఏటా జరిగే టూసన్ ప్రదర్శనలో బల్లల నిండా కనిపిస్తాయి. మన కృష్ణ పుట్టేదీ ఆ నల్లరాతి కొండల్లోనే. ఆ రాతి బొరియల్లో పెరిగిన అకీకు, చాల్సెడొని గులకరాళ్లుగా దొర్లుకుంటూ నది వెంట వస్తాయి. డెల్టా చేరేసరికి నది చేతిలో మిగిలేది మెత్తని ఒండ్రు, సన్నని ఇసుక. సముద్రపు ఒడ్డున అలలు వేరు చేసిన నల్లటి చారను పదింతలు చూపే భూతద్దం కింద పెడితే, నల్ల ఇల్మెనైట్ గింజల మధ్య ఎర్రని గార్నెట్లు కనిపిస్తాయి. రాయి లేదనుకున్న సీమలో కొండలన్నీ చిటికెడుగా ఉన్నాయి.

ఉప్పు మడి, పటిక గిన్నె

డెల్టా సొంత స్ఫటికం ఉప్పు. బందరు తీరపు ఉప్పు మడుల్లో జరిగేది స్ఫటిక శాస్త్రంలో మొదటి పాఠం. సముద్రపు నీటిలో ఉప్పులన్నీ కలిపి బరువులో మూడున్నర శాతం. ఎండకు నీరు ఆవిరయ్యే కొద్దీ ముందు సున్నపు పదార్థం, నీరు అయిదో వంతుకు తగ్గేసరికి జిప్సం, పదో వంతుకు దగ్గరయ్యేసరికి ఉప్పు కడతాయి. మిగిలిన చేదు నీటిలో మెగ్నీషియం లవణాలు ఉండిపోతాయి. ఉప్పు రైతు ఒక మడి నుంచి మరో మడికి నీరు మార్చే వేళ ఈ వరస మీదే ఆధారపడుతుంది. నిదానంగా కట్టిన గల్లు నిండు ఘనం. గాలి లేని మధ్యాహ్నం నీటి పైన తొందరగా కట్టినది అంచులు పెరిగి నడుమ బోలుగా, తలకిందులైన మెట్ల గోపురంలా ఉంటుంది. ఒకే పదార్థం, రెండు రూపాలు. తేడా అంతా పెరిగిన వేగంలో.

ఇంట్లో చేయగలిగింది ఇంకొకటుంది. పటికను వేడినీటిలో కరిగినంత కరిగించి, వడగట్టి, దారానికి చిన్న పలుకు కట్టి వేలాడదీసి కదపకుండా ఉంచితే కొన్నాళ్లకు ఎనిమిది ముఖాల స్ఫటికం తయారవుతుంది. వజ్రం తరచు సహజంగా ధరించే ఆకారం అదే. కొల్లూరు గనివాళ్లు మట్టి కడిగి వెతికిన ఆ రూపాన్ని గుడివాడలో ఏ పిల్లయినా గాజు గ్లాసులో పెంచుకోవచ్చు.

దాచడం మాత్రం ఈ తీరంలో కష్టమే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరగడం మొదలవుతుంది. కాబట్టి ఉప్పు స్ఫటికాన్ని గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో ఉంచాలి. ఐరన్ పైరైట్లు కూడా తేమకు పొడిపొడిగా రాలిపోతాయి. ఊదా రంగు అమెథిస్ట్ ఎండకు వెలిసిపోతుంది. ఏ స్ఫటికాన్నీ ముఖాల మీద వేళ్లతో పట్టుకోకూడదు, అడుగు నుంచి ఎత్తాలి.

వివాదాలు, హద్దులు

ఈ అభిరుచి మీద న్యాయమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది తవ్వకం. విశాఖ మన్యంలో రంగురాళ్ల కోసం దొంగచాటుగా సొరంగాలు తవ్వి, మట్టి కూలి మనుషులు చనిపోయారు. అలా వచ్చిన రాయిని కొనేవాడికీ ఆ పాపంలో వాటా ఉంది. ఖనిజాల తవ్వకానికి 1957 నాటి చట్టం ప్రకారం అనుమతి కావాలి. అడవిలోనూ, పురావస్తు శాఖ రక్షించే దిబ్బల మీదా చేయి పెట్టకూడదు. భట్టిప్రోలు, ఘంటసాల బౌద్ధ స్థలాల మట్టిలో దొరికే పూస సేకర్తది కాదు, చరిత్రది. క్వారీ యజమానిని అడిగి వ్యర్థాల గుట్టలో వెతుక్కోవడం నిజాయితీ గల దారి.

రెండోది వర్షాకాలపు వజ్రాల వేట. తొలకరి పడగానే కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో, ఇటు కృష్ణ ఒడ్డున గుడిమెట్ల కొండ మీద కుటుంబాలు నేల మీద చూపు నిలిపి వెతుకుతాయి. ఆ ఆశను తప్పుపట్టే మనసు నాకు లేదు. బాధంతా ఆ తర్వాత జరిగేదాని గురించి. దొరికిన రాయి గుట్టుగా చేతులు మారుతుంది. ఏ చేలో, ఎంత లోతున, ఏ రాళ్ల మధ్య దొరికిందో ఎవరూ రాయరు. కొల్లూరులో జరిగిన నష్టమే ఏటా చిన్న చిన్న ముక్కలుగా మళ్లీ జరుగుతోంది.

మూడోది నకిలీ. బందరు చిలకలపూడి నగల్లో పొదిగే తెల్లరాయి వజ్రానికి నకలు. పేరు చెప్పి అమ్మే ఆ రాయిలో మోసం లేదు, పనితనం ఉంది. రంగు పట్టించిన పలుగురాయిని, జిగురుతో మాతృశిలకు అతికించిన స్ఫటికాన్ని సహజమని అమ్మడం మోసం. పటిక గిన్నెలో పెంచినదాన్ని 'ఇంట్లో పెంచినది' అని రాసి పెడితే అదీ గౌరవమైన నమూనాయే. ఈ మూడు అభ్యంతరాలకూ మందు ఒకటే: నిజం రాసిన చీటీ.

చేయగలిగింది

కృష్ణా డెల్టాలో ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒక గాజు అలమర చాలు. బందరు ఉప్పు, తీరపు నల్ల ఇసుక, బెజవాడ గార్నెట్ రాయి, గూడూరు అభ్రకం, మంగంపేట ముగ్గురాయి, పిల్లలు పెంచిన పటిక: ఆరింటితో మొదలుపెట్టవచ్చు. ఖర్చు దాదాపు లేదు. కావలసింది క్రమం. పేరు, దొరికిన చోటు, తేదీ, తెచ్చినవాళ్లు, ఎలా వచ్చింది, ఈ అయిదూ రాయిని ఇంటికి తెచ్చిన రోజే రాయాలి. రేపు రాద్దాం అనుకున్న చీటీ ఎప్పటికీ రాయబడదు. రాయికీ చీటీకీ ఒకే అంకె వేసి, ఒక నోటుపుస్తకంలో మరో నకలు ఉంచాలి. ఈ తీరం ఎన్ని తుపాన్లు చూసిందో మనకు తెలుసు. 1864లో బందరు, 1977లో దివిసీమ ఏం పోగొట్టుకున్నాయో తెలిసినవాళ్లం నకలు రెండో చోట దాచడం మరవకూడదు.

కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. అక్కడికి వెళ్లి ఏ వజ్రం ఏ గుంటలో దొరికిందో అడగడానికి గుంటలు లేవు, చెప్పడానికి రాతలు లేవు. అరవై వేల మంది చేతుల మీదుగా పోయిన ఆ రాళ్లకు మనం చేయగలిగింది ఇక ఏమీ లేదు. బందరు మడిలో ఈ వేసవికి కట్టే ఉప్పు గల్లుకు మాత్రం చేయగలం. ఒక పిల్ల దాన్ని జాగ్రత్తగా ఎత్తి, డబ్బాలో పెట్టి, పక్కన 'ఉప్పు' అని, ఆ మడి ఉన్న ఊరు పేరు, ఆనాటి తేదీ, తన పేరు రాస్తే చాలు. నందపురం స్త్రీలు మొదలుపెట్టిన పని అక్కణ్ణుంచి మళ్లీ సాగుతుంది.